హాజీ ఫరగ్ ఇంటి అమ్మకం

దుమ్యాత్ ఊళ్ళో మంచాలూ బీరువాలూ చేసే బజారు. కింద కొట్లో రంపం మోత, పైన మూడో అంతస్తులో లాయరు నజ్లా గది. హాజీ ఫరగ్‌కి ఆదివారం గుండె ఆపరేషన్. భార్య ఇహ్సాన్ ఆయన్ని బలవంతాన మెట్లెక్కించి, గోడ పక్క కుర్చీలో కూచోబెట్టి, తలుపుకి అడ్డంగా తన కుర్చీ వేసుకుంది. మనిషికి ఇక పారిపోయే దారి లేదు.

“రాసుకో లాయరమ్మా. ‘మరిది ముతవల్లీకి ఒక్క ఇటుక కూడా చెందదు.’ ముందు అది రాసుకో. మిగతావి తర్వాత.”

“అలా రాయకూడదమ్మా. అమ్మకం కాగితంలో ఎవరికి అమ్ముతున్నామో రాస్తాం గాని, ఎవరికి చెందదో రాయం.”

“రాస్తే తప్పేముంది? మా మరిది పేరు ఒక్కచోటన్నా ఉండాలి. చదివినప్పుడల్లా కడుపు మండాలి.”

“ఇహ్సాన్, ఆవిడ చెప్పేది విను. లాయరు నువ్వా, ఆవిడా?”

“మీరు కూచోండి. ఆయాసం వస్తుంది.”

“కూచునే ఉన్నాను.”

“అయితే మాట్లాడకుండా కూచోండి.”

“హాజీగారూ, ఇంకోసారి చెబుతాను, ఇద్దరూ వినండి. మీకు కొడుకుల్లేరు. ముగ్గురూ ఆడపిల్లలు. ఏ కాగితమూ రాయకుండా మీకేదైనా అయితే…”

“ఆదివారం అవుతుందనేగా మీ ఇద్దరి ఉద్దేశం.”

“అవుతుందని కాదు. అయితే అంటున్నాను. అమ్మకి ఎనిమిదో వంతు. పిల్లలు ముగ్గురికీ కలిపి మూడింట రెండు వంతులు. మిగిలింది మీ తమ్ముడు ముతవల్లీకి. ఇంట్లో అయిదో వంతుకి కాస్త ఎక్కువే వస్తుంది.”

“విన్నారా? అయిదో వంతు. అయిదో వంతంటే ఏంటనుకున్నారు? నా వంటిల్లూ, ఉల్ఫత్ కుట్టుమిషను గదీ. మొగుణ్ణి వదిలేసి వచ్చిన పిల్ల, ఆ గదిలో కుట్టుకుని బతుకుతోంది. రేపు ముతవల్లీ కొడుకులు నలుగురూ వరసగా వచ్చి ‘మా వాటా మాకు పడేయండి, లేకపోతే ఇల్లు అమ్మేయండి’ అంటే అదెక్కడికి పోతుంది? నేనెక్కడికి పోతాను?”

“అనర్లే.”

“ఎవరు అనరు?”

“ముతవల్లీ అననివ్వడు.”

“నాలుగేళ్ళుగా మీ ముఖం చూడనివాడు. మీరు పోయాక మీ మీద కొత్తగా ప్రేమ పుట్టుకొస్తుందా?”

“నేనింకా పోలేదు.”

“పోలేదు కాబట్టే ఇక్కడికి తీసుకొచ్చాను. పోతే ఎవరు సంతకం పెడతారు?”

“అమ్మా, కాస్త ఆగండి. టీ తాగుతారా?”

“నాకొద్దు. ఆయనకి చక్కెర లేకుండా ఇప్పించు.”

“చక్కెర లేని టీ నాకూ వద్దు. ఇదంతా ఎందుకమ్మా, వీలునామా రాస్తే పోదూ? రెండు ముక్కలు రాసి ఇంటికి పోదాం.”

“వీలునామా మూడో వంతు దాకానే చెల్లుతుంది హాజీగారూ. ఇల్లంతా పిల్లలకే వెళ్ళాలంటే మీరు బతికుండగానే వాళ్ళకి అమ్మినట్టు రాయాలి. మీరిద్దరూ ఉన్నంతకాలం అందులో ఉండే హక్కు మీకే అట్టిపెట్టుకోవచ్చు. ఈ ఊళ్ళో ఆడపిల్లల తండ్రులు సగంమంది చేసే పనే ఇది.”

“అమ్మినట్టు.”

“అవును.”

“నిజంగా అమ్మకుండా.”

“అవును.”

“అలాంటివి నిలబడతాయా?”

“పద్ధతిగా రాస్తే గట్టిగా నిలబడతాయి.”

“ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళయినా.”

“ముప్ఫై ఏళ్ళయినా?”

“ఎన్నేళ్ళయినా నిలబడుతుంది. ఎందుకలా అడుగుతున్నారు?”

“ఊరికే. తెలుసుకుందామని.”

“ఆయనకి భయం లాయరమ్మా. సంతకం అంటే పెన్ను కనపడదు. ఆడపిల్లలకి రాయాలంటే కళ్ళద్దాలు కూడా కనపడవు.”

“పిల్లలంటే నాకు భయం ఎందుకుంటుంది? నా భయమంతా అల్లుళ్ళ గురించి. అది కూడా కాగితంలో రాయాలి. రాసుకో తల్లీ. ఒకటి, అల్లుళ్ళెవరూ ఆ ఇంట్లో పడుకోకూడదు.”

“పండక్కి వచ్చినా?”

“పండక్కి వస్తే తిని పోవాలి.”

“ఏమండీ, బద్రీ ఏం చేశాడు మిమ్మల్ని? పెద్దల్లుడు, పదేళ్ళుగా చూస్తున్నాం.”

“వాడు మన సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని టీ అడుగుతాడు. అడిగే తీరు చూస్తే ఇల్లు కొన్నవాడిలాగే ఉంటాడు.”

“మరి చిన్నల్లుడు లుత్ఫీ?”

“లుత్ఫీ గోడలు కొట్టి చూస్తాడు. వచ్చినప్పుడల్లా వేలితో టకటకా కొట్టి చూస్తాడు. ఎందుకు కొట్టి చూస్తాడు?”

“అతను గోడలకి రంగులేసే మనిషండీ. అది అతని పని.”

“మన ఇంట్లో రంగులేస్తున్నాడా? లేదుగా. అయితే ఎంతకి పోతుందో లెక్కేసుకుంటున్నాడు. రెండోది రాసుకో. ఏ పిల్లా తన వాటా మొగుడి పేరున పెట్టకూడదు. మూడు, ముగ్గురూ ఒప్పుకోకుండా ఒక్క గది కూడా అద్దెకివ్వకూడదు. నాలుగు, ముగ్గురూ ఒప్పుకున్నా నన్ను అడగాలి.”

“మీరు లేనప్పుడు?”

“నేను ఉన్నప్పటి సంగతే చెబుతున్నా. లేనప్పుడు వాళ్ళ అమ్మని అడగాలి. అయిదు, కిందున్న నా పనిముట్ల గది ఎవరూ తెరవకూడదు.”

“హాజీగారూ, ఇవన్నీ రాస్తే పిల్లలకి మెట్లు తుడిచే హక్కు తప్ప ఇంకేం మిగలదు.”

“అది రాగియాకివ్వు. పెద్దపిల్ల కదా.”

“ఒక్క షరతు రాస్తాను. మీరూ అమ్మా బతికున్నంతకాలం ఇల్లు మీ చేతుల్లోనే ఉంటుంది. అది చాలు. రాగియా, ఉల్ఫత్, సౌసన్, ముగ్గురికీ సమానంగా. ఒప్పుకున్నట్టేనా?”

“ఒప్పుకున్నాం.”

“హాజీగారు చెప్పాలమ్మా.”

“ఆవిడ చెప్పాక నేను చెప్పేదేముంది.”

“సరే. ఇక మూల కాగితం ఇవ్వండి. మీరు స్థలం కొన్నప్పటిది.”

“అది ఇంట్లో ఉంది.”

“ఇంట్లో లేదు. సంచీలో తెచ్చాను. నీలం కవరు.”

“అది కరెంటు బిల్లుల కవరు, ఇహ్సాన్.”

“బిల్లుల కింద ఉంది. నేనే చూశాను. పచ్చబడిపోయిన కాగితం, పైన సర్కారు ముద్ర. నాకు చదవడం రాకపోయినా ముద్ర తెలుసు.”

“ఇవాళే చూడాలా? ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా…”

“ఆపరేషన్ అయ్యాక మీరు మాట మారుస్తారు. ఇదిగో లాయరమ్మా, తీసుకో.”

“ఇక్కడ కిటికీ తెరవచ్చా? ఉక్కగా ఉంది.”

“తెరిచే ఉంది హాజీగారూ. ఇది స్థలం కాగితమే. సరిగ్గానే ఉంది. దీని వెనక ఇంకోటి పిన్ను కొట్టి ఉంది.”

“అది చదవక్కర్లేదు.”

“ఏంటది?”

“ఏదో నకలు. పాతది. పనికిరాదు.”

“పనికొస్తుందో లేదో ఆవిడ చెబుతుంది. చదువు తల్లీ.”

“అమ్మా, హాజీగారు ఒద్దంటున్నారు…”

“చదువు.”

“‘నేను, ఫరగ్, నా సొంత ఇంటిని, నేల దగ్గర్నుంచి డాబా దాకా, నా తమ్ముడు ముతవల్లీకి అమ్మాను. సొమ్ము పూర్తిగా ముట్టింది. ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఆ ఇంట్లో ఏ హక్కూ లేదు.’ కింద సంతకాలు. తేదీ చూస్తే ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటిది.”

“ఇంకోసారి చదువు.”

“ఇహ్సాన్, నేను చెబుతాను…”

“మీరు నోరెత్తకండి. ఇంకోసారి చదువు తల్లీ. పేరు దగ్గర మెల్లగా చదువు.”

“ముతవల్లీ అనే ఉందమ్మా.”

“మా ముతవల్లీయేనా?”

“తండ్రి పేరు కూడా ఉంది. ఆయనే.”

“అది ఉత్తుత్తి అమ్మకం ఇహ్సాన్. కాగితం మీదే అమ్మాను.”

“ఇల్లు కాగితం మీద కాక ఇంకెక్కడ అమ్ముతారు? వీపు మీద మోసుకెళ్ళి ఇస్తారా?”

“డబ్బేమీ తీసుకోలేదు. అల్లా సాక్షి. ఒక్క పౌను కూడా తీసుకోలేదు.”

“అది ఇంకా బాగుంది. ఊరికే ఇచ్చేశారన్నమాట.”

“గుర్తు తెచ్చుకో. కొత్త ఊళ్ళో సర్కారు ఫ్లాట్లు ఇస్తామన్నారు, సముద్రం వైపు. సొంతిల్లు లేనివాళ్ళకే అన్నారు. రాగియాకి దగ్గు. సముద్రం గాలి మంచిదని నువ్వే అన్నావు.”

“గాలి మంచిదన్నాను. ఇల్లు అమ్మమన్నానా?”

“దరఖాస్తులో ‘సొంతిల్లు లేదు’ అని రాసి సంతకం పెట్టాలి. ఉన్న ఇల్లు లేదని రాస్తే అబద్ధం అవుతుంది. పైగా అది రంజాన్ నెల. అందుకని ముందు అమ్మేసి, తర్వాత రాశాను.”

“అబద్ధం ఆడటం ఇష్టం లేక.”

“అంతే.”

“ఫ్లాటు ఏదీ?”

“లాటరీ తీశారు. మన పేరు రాలేదు.”

“మరి మర్నాడే తిరిగి రాయించుకోలేకపోయారా?”

“మళ్ళీ ఏడు కూడా లాటరీ ఉంటుందన్నారు. ఉంచుదాంలే అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. నువ్వూ మరిచిపోతావనుకున్నాను.”

“నాకు తెలిస్తేగా మరిచిపోవడానికి.”

“హాజీగారూ, ఇది ముఖ్యం. ఎదురు కాగితం ఉందా? ఈ అమ్మకం ఉత్తుత్తిదే, డబ్బు ఇవ్వలేదు, ఇల్లు మా అన్నదే అని మీ తమ్ముడి చేత రాయించుకున్న కాగితం?”

“వాడు నా తమ్ముడమ్మా.”

“అందుకే అడుగుతున్నాను.”

“తమ్ముడి చేత అలాంటి కాగితం ఎలా రాయించుకుంటాను? ఏమనుకుంటాడు వాడు? అన్నయ్యకి నా మీద నమ్మకం లేదనుకోడూ?”

“ఇవాళ పొద్దుట్నుంచీ మనం రాస్తున్నది అదేగా.”

“అది వేరు. ఇది వేరు.”

“వేరేం లేదు. అమ్మా, మీకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కాగితాల ప్రకారం ఆ ఇల్లు ఇప్పుడు హాజీగారిది కాదు. తనది కానిది పిల్లలకి అమ్మలేరు. హాజీగారికేదైనా అయితే మీ మరిదికి వెళ్ళేది అయిదో వంతు కాదు, మొత్తం ఇల్లు ఆయనదే. మీ మరిదికేదైనా అయితే, ఆయన నలుగురు కొడుకులది.”

“మంచినీళ్ళు ఇప్పించు తల్లీ.”

“ఇదిగో. మెల్లగా తాగండి.”

“ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ మెట్లు కడిగాను. మోకాళ్ళు అరిగిపోయేలా కడిగాను. ముతవల్లీ మెట్లు.”

“ఇహ్సాన్, ఏడవకు.”

“ఏడుస్తున్నానా? కోపం వస్తే నాకు కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. ఆదివారం మీరు బల్ల మీద పడుకుంటారు. దిగుతారో లేదో ఆ పైవాడికే తెలియాలి. నేను ఆస్పత్రి బయట బెంచీ మీద కూచుని మీ కోసం దువా చెయ్యనా, ఇంటి కోసం చెయ్యనా?”

“రెండిటి కోసమూ చెయ్యొచ్చు.”

“లాయరమ్మా, విన్నావా ఆ మాట?”

“అమ్మా, ఇప్పుడు కోప్పడి లాభం లేదు. దారి ఒక్కటే. మీ మరిది వచ్చి ఒక్క సంతకం పెట్టాలి. అమ్మకం ఉత్తుత్తిదని ఆయన ఒప్పుకుంటే ఈ వారంలోనే పిల్లలకి రాసేయొచ్చు. ఆయన మనిషి ఎలాంటివాడు?”

“మంచివాడే.”

“దొంగ.”

“ఎవరో ఒకరు చెప్పండి.”

“మంచివాడే గాని మొండి. నాలుగేళ్ళ కిందట చిన్న మాటా మాటా అనుకున్నాం.”

“చిన్న మాటా? లాయరమ్మా, సౌసన్ పెళ్ళికి పడగ్గది సామానంతా ముతవల్లీయే చేసి తెచ్చాడు. మంచం, అద్దం బల్ల, బీరువా. పినతండ్రి కానుక. అది మాత్రం కాదనను. ఈయన పెళ్ళికొడుకు వాళ్ళందరి ముందూ బీరువా తలుపు తెరిచి, ‘కీచుమంటోంది’ అన్నారు.”

“కీచుమంది మరి.”

“కీచుమంటే తర్వాత చెవిలో చెప్పాలి. మూడుసార్లు తెరిచి మూసి చూపించారు.”

“మూడుసార్లూ కీచుమంది. నేను వడ్రంగిని. చెవులు మూసుకోనా?”

“అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ మాటల్లేవు. అలాంటి మనిషి ఇప్పుడు సంతకం పెడతాడా? ఇల్లు నాదేనంటాడు. చేతికి వచ్చినదాన్ని ఎవరు వదులుకుంటారు?”

“అడగందే తెలీదు. ఫోన్ చెయ్యండి హాజీగారూ.”

“నేను చెయ్యను. తప్పు నాది కాదు.”

“ఇల్లు మీది కాదు. తప్పు ఎవరిదైతే ఏం?”

“నంబరు లేదు నా దగ్గర.”

“ఫోన్ ఇలా ఇవ్వండి. లాయరమ్మా, ఇందులో వెతుకు.”

“ఇక్కడ ‘కీచు తలుపు’ అని ఒక పేరుంది హాజీగారూ. ఆయనేనా?”

“అయ్యుండొచ్చు.”

“అందరికీ వినపడేలా పెడుతున్నాను. మాట్లాడండి.”

“ఏమని మాట్లాడను?”

“ముందు సలాం చెప్పండి. మోగుతోంది.”

“హలో? ఎవరూ? రంపం మోతలో వినపడటం లేదు. గట్టిగా చెప్పండి.”

“ముతవల్లీ. నేనురా.”

“నేనంటే?”

“నేను. ఫరగ్‌ని.”

“రంపం ఆపండి. ఆపమన్నానా? ఆ, చెప్పు. ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు.”

“నాలుగేళ్ళ తర్వాత ఫోన్ చేశావంటే ఎవరో పోయుండాలి. వదిన బాగుందా?”

“ఇక్కడే ఉంది. బాగుంది.”

“మరి నువ్వు?”

“నాకేం. ఆదివారం చిన్న ఆపరేషన్ ఉంది, అంతే.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“తెలుసులే. మన్సూరా ఆస్పత్రిలోనేగా. మంచి డాక్టరే. కనుక్కున్నాను.”

“ఆ. సరే. అయితే ఉంటాను.”

“ఉంటానంటారేంటి? ఇటివ్వండి ఫోను. మరిదీ, నేను ఇహ్సాన్‌ని. లాయరమ్మ గదిలో ఉన్నాం. నేను తిన్నగా అడుగుతాను, నువ్వు తిన్నగా చెప్పు. ఆ ఇంటికి నువ్వు ఒక సంతకం పెట్టాలి.”

“ఏ ఇంటికి?”

“చూశారా? ఏ ఇల్లంటున్నాడు. నేను చెప్పలేదూ?”

“వదినా, ఆ అమ్మకం సంగతి అన్నయ్య నీకు చెప్పాడా?”

“ఇప్పుడే తెలిసింది.”

“ముప్ఫై ఏళ్ళకి.”

“ముప్ఫై ఒకటి. ఆ ఇల్లు మీ అన్నదేనని సంతకం పెడతావా, పెట్టవా?”

“పెట్టను.”

“అయిపోయింది. లాయరమ్మా, విన్నావుగా. నా పిల్ల వీధిలో పడింది.”

“పెట్టనని కాదు వదినా, పెట్టలేను. ఆ ఇల్లు ఇప్పుడు నా పేరున లేదు. అమ్మేశాను.”

“ఏమన్నావురా? నా ఇల్లు అమ్మేశావా?”

“నీ ఇల్లు నువ్వే అమ్ముకున్నావు అన్నయ్యా. నేను అమ్మింది నా ఇల్లు.”

“ఎప్పుడు?”

“సౌసన్ పెళ్ళయిన నెలకి. బీరువా గొడవ తర్వాత.”

“అంటే పగ తీర్చుకున్నావన్నమాట. ఒక్క తలుపు కోసం.”

“కోపంగానే ఉన్నాను, దాచడం ఎందుకు. నీ వస్తువు ఏదీ నా కళ్ళబడకూడదనుకున్నాను. నీ సుత్తి ఒకటి, చిత్రిక ఒకటి నా కొట్లో ఉంటే సంచీలో వేసి పంపించాను, గుర్తుందా?”

“సుత్తి పిడి విరిగి ఉంది.”

“నువ్విచ్చినప్పుడే విరిగి ఉంది. అవి పంపేశాక ఇంకా నీదేమన్నా మిగిలిందా అని చూసుకుంటే, ఇల్లు మిగిలింది.”

“అయితే ఇల్లు కూడా సుత్తితో పాటే నాకు పంపించాలి గదరా.”

“పంపించేద్దామనే లాయరు దగ్గరికి వెళ్ళాను. ఆయనే ఒద్దన్నాడు. నీ పేరున తిరిగి రాస్తే, నీ తర్వాత అందులోంచి నాకు వాటా వస్తుందట. నా తర్వాత అది నా కొడుకులకి పోతుందట. నా కొడుకుల సంగతి నీకు తెలీదు అన్నయ్యా. నేను బతికుండగానే కొట్టు బోర్డు మీద నా పేరు చెరిపేసి వాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఉల్ఫత్ మిషను తీసుకెళ్ళి వీధిలో పెట్టడానికి వాళ్ళకెంతసేపు పడుతుంది?”

“మరి ఎవరికి అమ్మావు మరిదీ? చెప్పు, నా ప్రాణం తియ్యకు.”

“ఇంకెవరికమ్ముతాను వదినా? మీ కూతుళ్ళకే. ముగ్గురికీ, సమానంగా.”

“లాయరమ్మా, ఈ ఫోను నువ్వు పట్టుకో. నువ్వే అడుగు.”

“హలో? లైను పోయిందా?”

“పోలేదు. వింటున్నాం.”

“హాజీ ముతవల్లీగారూ, నేను లాయరు నజ్లాని. ఆ కాగితం మీద సంతకాలు కోర్టులో ఖాయం చేయించారా?”

“చేయించాం తల్లీ. మూడు నకళ్ళు తీశాం. ఒక్కో పిల్ల దగ్గర ఒకటి ఉంది.”

“మీ అన్నయ్యా వదినా అక్కడ ఉండే సంగతి?”

“ఇద్దరూ ఉన్నంతకాలం వాళ్ళ ఇష్టమని అందులోనే రాశాం. ఉల్ఫత్ చెప్పి రాయించింది.”

“అయితే ఇక నేను రాయాల్సింది ఏమీ లేదమ్మా. పని నాలుగేళ్ళ కిందటే అయిపోయింది.”

“ఒరేయ్ ముతవల్లీ. పిల్లలకి తెలుసా ఇదంతా?”

“కొన్నది వాళ్ళు. తెలీకుండా ఎలా కొంటారు?”

“మరి నాతో ఒక్కరూ చెప్పలేదే. రోజూ ఉల్ఫత్ చేతి అన్నమే తింటున్నాను.”

“రాగియా ఒద్దంది. ‘నాన్నకి చెబితే మళ్ళీ ఏ ఫ్లాటుకో దరఖాస్తు పెడతాడు బాబాయ్’ అంది.”

“అది అన్నదా ఆ మాట?”

“నవ్వుతూనే అందిలే.”

“సొమ్ము పూర్తిగా ముట్టిందని రాశావా?”

“అందరూ అలాగేగా రాస్తారు.”

“ముట్టిందా?”

“ఉల్ఫత్ నాకొక జుబ్బా కుట్టిపెట్టింది. శుక్రవారం నమాజుకి అదే వేసుకుంటున్నాను. మెడ దగ్గర కాస్త బిగుతు.”

“మరిదీ.”

“చెప్పు వదినా.”

“నేను నిన్ను ఈ నాలుగేళ్ళూ…”

“ఏంటి?”

“ఏం లేదు. నాలుగేళ్ళుగా మా ఇంటికి రాలేదని. ఆదివారం ఆస్పత్రికి రా. నా ఒక్కదానికీ ఏమీ తోచదు.”

“పిలవకపోయినా వద్దామనే అనుకున్నాను. దూరంగా నిలబడి చూసి వెళ్దామని. ఇప్పుడు పిలిచావుగా, దగ్గరికే వస్తాను.”

“బీరువా అంత చెడ్డదేం కాదురా. నూనె వేస్తే సరిపోయేది.”

“వేశాను. పెళ్ళయిన వారానికే సౌసన్ ఇంటికెళ్ళి నేనే వేసొచ్చాను. ఇంతకీ ఇవాళ ఇల్లెందుకు గుర్తొచ్చింది మీకు?”

“ఊరికే.”

“లాయరు గదికి ఎవరూ ఊరికే వెళ్ళరు అన్నయ్యా.”

“పిల్లలకి రాద్దామని. ఆపరేషన్ ఉంది కదా, ముందు జాగ్రత్త.”

“మంచి పనే. కాని బతికుండగా అమ్మినట్టు రాయడం అంటే, ఎవరి చేతికో పోకూడదనేగా. ఎవరి భయం పట్టుకుంది నీకు?”

“భయం ఏముందిరా.”

“లేకపోతే ఆయాసంతో మూడంతస్తుల మెట్లెక్కవు. ఎవరి చేతికి పోకూడదని?”

“అదీ…”

“వదినా, నువ్వు చెప్పు.”

“అల్లుళ్ళ చేతికి మరిదీ. మీ అన్నయ్యకి అల్లుళ్ళంటే నమ్మకం లేదు. నేను వద్దంటూనే ఉన్నాను.”

“అవున్రా. అదే. అల్లుళ్ళ భయమే. ఇంకెవరి భయం ఉంటుంది మనకి?”

“బద్రీ, లుత్ఫీల భయమా?”

“వాళ్ళే. నీకు తెలీదు ముతవల్లీ, ఇద్దరి కన్నూ ఆ ఇంటి మీదే. ఎప్పుడెప్పుడు రాయించుకుందామా అని చూస్తున్నారు.”

“అదేం మాట అన్నయ్యా? ఆ ఇంట్లో మాకు నయాపైసా హక్కు లేదని రాసి, పిల్లలకమ్మిన ఆ కాగితం కింద సాక్షి సంతకాలు పెట్టింది వాళ్ళిద్దరే.”